బడికి ముందు బడి: పసిపిల్లల టెలివిజన్ విద్య – సెసమీ స్ట్రీట్ నుంచి సైట్ ప్రయోగం దాకా ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

తెలుగునాట అక్షరాభ్యాసం ఒక సంస్కారం. పలక, బియ్యం, పసుపు, గురువు చేయి పట్టి దిద్దించే తొలి అక్షరం - ఇవన్నీ బిడ్డను ఇంటి నుంచి బడికి సాగనంపే ఏర్పాట్లు. అయితే ఆ తొలి అక్షరానికి ముందే బిడ్డ ఎంతో నేర్చుకుని ఉంటుంది. పాటలు, పొడుపుకథలు, లెక్కపెట్టడాలు, రంగుల పేర్లు, పెద్దలు చెప్పే కథలు ఏ ఇంట్లో ఎంతగా ఉంటే ఆ ఇంటి బిడ్డకు బడి అంత సులువుగా అలవడుతుంది. అవి కొరవడిన ఇంటి బిడ్డ మొదటి తరగతిలోనే వెనుకబడుతుంది. ఆ వెనుకబాటు తరగతి తరగతికీ పెరుగుతుంది. ఈ లోటును టెలివిజన్ ద్వారా పూరించవచ్చునా అన్న ప్రశ్న 1960ల చివర అమెరికాలోనూ, 1970ల మధ్య భారతదేశంలోనూ దాదాపు ఒకే కాలంలో తలెత్తింది. అక్కడ దానికి సమాధానంగా 'సెసమీ స్ట్రీట్' వచ్చింది. ఇక్కడ ఉపగ్రహ బోధన టెలివిజన్ ప్రయోగం, అంటే 'సైట్', తెలుగు పల్లెల దాకా వచ్చింది.

ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చూడడం ఈ వ్యాస లక్ష్యం. ఏది గొప్పదో తేల్చడం ఇక్కడి పని కాదు. బడికి సంసిద్ధం చేయడం అనే మాటకు ఒక్కొక్క చోట ఏ అర్థం స్థిరపడింది, ఆ అర్థాన్ని బట్టి ఏ వయసు పిల్లలు ప్రేక్షకులయ్యారు, భాషకూ లిపికీ అందులో ఎంత పాత్ర దక్కింది, వచ్చిన ఫలితం ఎవరికి చేరింది అన్న నాలుగు అంశాల పరిశీలన ఇది. చివరి రెండు అంశాలూ తెలుగు శాఖల పరిశోధనకు నేరుగా సంబంధించినవి.

ఆలోచన పుట్టిన నేపథ్యం

1966 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో జోన్ గంజ్ కూనీ ఇంట జరిగిన ఒక విందులో సెసమీ స్ట్రీట్ ఆలోచన మొలకెత్తిందని చరిత్రకారులందరూ చెబుతారు. కూనీ అప్పటికి ప్రభుత్వేతర విద్యా ఛానల్‌లో డాక్యుమెంటరీలు తీసే నిర్మాత. అతిథుల్లో ఒకరైన లాయిడ్ మోరిసెట్ మనస్తత్వ శాస్త్రవేత్త, కార్నెగీ కార్పొరేషన్‌లో అధికారి. మూడేళ్ల తన కూతురు తెల్లవారుజామున ప్రసారాలు మొదలుకాక ముందే టీవీ ముందు కూర్చుని తెరపై కదలని గీతల బొమ్మను చూస్తూ ఉండడం ఆయన గమనించాడు. పిల్లలను ఇంతగా పట్టి ఉంచే ఈ పెట్టె వారికి ఏమైనా నేర్పగలదా అన్నది ఆయన ప్రశ్న.

ఒక్క విందులో పుట్టిన ఊహకు అంత బలం చేకూరడానికి కాలం కారణం. పౌరహక్కుల ఉద్యమం పేదరికాన్నీ జాతివివక్షనూ దేశం ముందు నిలబెట్టింది. 1965 వేసవిలో అమెరికా ప్రభుత్వం పేద కుటుంబాల పసిపిల్లల కోసం 'హెడ్ స్టార్ట్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. బడిలో చేరక ముందు గడిచే సంవత్సరాలు తెలివితేటల వికాసానికి కీలకమని బెంజమిన్ బ్లూమ్ వంటి విద్యావేత్తలు వాదిస్తున్నారు. అయితే శిశుపాఠశాలలు అందరికీ అందుబాటులో లేవు. టెలివిజన్ మాత్రం పేదల ఇళ్లలో కూడా ఉంది. ఈ రెండు వాస్తవాలనూ ముడివేస్తూ కూనీ 1966లో కార్నెగీ సంస్థకు ఒక నివేదిక సమర్పించింది. దాని ఆధారంగానే 1968లో చిల్డ్రన్స్ టెలివిజన్ వర్క్‌షాప్ ఏర్పడింది. దాదాపు 80 లక్షల డాలర్ల తొలి నిధిలో సగం మేరకు కేంద్ర ప్రభుత్వం, మిగిలినది ప్రధానంగా కార్నెగీ, ఫోర్డ్ సంస్థలు సమకూర్చాయి.

పసిపిల్లలకు టీవీ కార్యక్రమం అదే మొదటిది కాదు. 1952 నుంచే ఫ్రాన్సెస్ హార్విచ్ అనే ఉపాధ్యాయిని 'డింగ్ డాంగ్ స్కూల్' నడిపింది. ఫ్రెడ్ రోజర్స్ కార్యక్రమం 1968లో జాతీయ ప్రసారంలోకి వచ్చింది. అయితే బడిలో పనికివచ్చే నిర్దిష్ట నైపుణ్యాలను ముందుగా నిర్ణయించుకుని, వాటిని నేర్పినదీ లేనిదీ కొలిచి చూపుతామని ప్రతిజ్ఞ చేసిన ప్రయత్నం మాత్రం సెసమీ స్ట్రీటే.

పరిశోధన, నిర్మాణం: ఒకే కప్పు కింద

1968 వేసవిలో హార్వర్డ్ ఆచార్యుడు జెరాల్డ్ లెసర్ ఆధ్వర్యంలో వరుసగా సదస్సులు జరిగాయి. మనస్తత్వ శాస్త్రవేత్తలు, శిశువిద్యా నిపుణులు, రచయితలు, చిత్రకారులు, టీవీ నిర్మాతలు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. అక్షరాలు, అంకెలు, ఆకారాలు గుర్తించడం. పోల్చడం, వర్గీకరించడం, కారణం ఊహించడం. తన చుట్టూ ఉన్న మనుషులనూ ప్రకృతినీ తెలుసుకోవడం - ఇలా లక్ష్యాల పట్టిక తయారైంది. బడి సంసిద్ధత అనే అస్పష్టమైన మాట కొలవదగిన అంశాల జాబితాగా మారింది ఇక్కడే. ఆ కార్యక్రమపు బలానికీ, తరవాత దానిపై వచ్చిన విమర్శలకూ ఈ మార్పే మూలం.

పరిశోధన విభాగాన్ని నడిపిన ఎడ్వర్డ్ పామర్ పద్ధతి సరళమైనది. పిల్లవాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కనే మరో తెరపై ఏడెనిమిది సెకన్లకు ఒకసారి మారే రంగుల స్లయిడ్లు చూపేవారు. టీవీ నుంచి చూపు ఎప్పుడు పక్కకు మళ్లిందో క్షణక్షణం నమోదు చేసేవారు. ఏ దృశ్యం పిల్లల్ని నిలబెట్టింది, ఏది విసిగించింది అన్నది రచయితకు గీత రూపంలో అందేది. 1969 జూలైలో ఫిలడెల్ఫియాలో చూపిన నమూనా భాగాలతో పెద్ద పాఠమే దొరికింది. వాస్తవ ప్రపంచాన్నీ కల్పననూ కలిపితే పిల్లలు తికమకపడతారన్న నిపుణుల సలహా మేరకు వీధి దృశ్యాల్లో మనుషులను మాత్రమే ఉంచారు, తోలుబొమ్మలను వేరే భాగాల్లో చూపారు. మనుషులు మాత్రమే ఉన్న దృశ్యాలు రాగానే పిల్లల చూపు జారిపోయింది. దాంతో ఆ సలహాను పక్కన పెట్టి జిమ్ హెన్సన్ బొమ్మలను వీధిలోకే తెచ్చారు. బిగ్ బర్డ్, ఆస్కార్ పాత్రలు అలా పుట్టినవే. శాస్త్రం చెప్పినదాన్ని శిశువు చూపు సరిదిద్దిన సందర్భం ఇది.

మన సంప్రదాయంతో పోల్చదగిన మరో అంశం కూడా పామర్ పరిశీలనలోనే ఉంది. నటుడు జేమ్స్ ఎర్ల్ జోన్స్ ఆంగ్ల అక్షరమాలను చాలా నిదానంగా, అక్షరానికీ అక్షరానికీ మధ్య దీర్ఘవిరామమిచ్చి పలికే చిన్న చిత్రం తీశారు. మొదటిసారి చూసినప్పుడు పిల్లలు అతని వెనక పలికారు. కొన్నిసార్లు చూశాక అతనితో కలిసి పలికారు. ఇంకా చూశాక అక్షరం తెరపై కనబడగానే, అతను నోరు తెరవక ముందే పలికారు. వీధిబడిలో పంతులు చెప్పగా పిల్లలు వల్లెవేసే పద్ధతి తెలిసినవారికి ఇది కొత్త కాదు. పునరుక్తి ప్రయోజనాన్ని మన మౌఖిక బోధన ఎప్పుడో గుర్తించింది. ఆ ప్రయోజనం ఎన్ని మెట్లలో సిద్ధిస్తుందో లెక్కగట్టడం పామర్ చేసిన కొత్త పని.

ప్రసారం, మూల్యాంకనం, వివాదం

1969 నవంబరు 10న ప్రసారం మొదలైంది. తొలి ఏడాది గంటసేపు సాగే 130 భాగాలు వచ్చాయి. రంగస్థలం పూలతోట కాదు, నగరంలోని ఒక పాత వీధి. నల్లజాతి దంపతులు, వృద్ధుడైన దుకాణదారు, రకరకాల పిల్లలు అందులో ఇరుగుపొరుగులు. ఈ కలివిడి కొందరికి నచ్చలేదు. 1970లో మిసిసిపీ రాష్ట్ర టెలివిజన్ కమిషన్ ప్రసారాన్ని నిరాకరించింది, ప్రజల నిరసనతో మూడు వారాలు దాటగానే నిర్ణయాన్ని మార్చుకుంది. బడికి సిద్ధం చేయడమంటే అక్షరాలు నేర్పడం మాత్రమే కాదనీ, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్నది కూడా అందులో భాగమేననీ ఈ ఘటన తెలియజేస్తుంది.

మూల్యాంకన బాధ్యతను ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్ చేపట్టింది. శామ్యూల్ బాల్, గెరీ ఆన్ బొగాట్జ్ 1970, 1971 నివేదికల్లో చెప్పిన సారాంశం ఇది: ఎక్కువగా చూసిన పిల్లలు ఎక్కువగా నేర్చుకున్నారు. ఎక్కువగా చూసిన మూడేళ్ల పిల్లలు కొన్ని అంశాల్లో తక్కువగా చూసిన ఐదేళ్ల పిల్లలను మించిపోయారు. అయితే తొలి ఏడాది అధ్యయనంలో ఒక చిక్కు వచ్చింది. చూడరని భావించి పోలిక కోసం ఎంచుకున్న పిల్లల్లో కూడా అత్యధికులు చూసేశారు. దాంతో చూసినవారినీ చూడనివారినీ పోల్చవలసిన అధ్యయనం, ఎక్కువ చూసినవారినీ తక్కువ చూసినవారినీ పోల్చే అధ్యయనంగా మారింది. ఎక్కువ చూసిన ఇళ్లు మొదటినుంచీ చదువుపై శ్రద్ధ ఉన్న ఇళ్లు కావచ్చు కదా అన్న సందేహానికి అక్కడ చోటు మిగిలింది.

1975లో థామస్ కుక్, ఆయన సహచరులు అదే సమాచారాన్ని మళ్లీ విశ్లేషించి ఈ సందేహాన్ని తీవ్రంగా ముందుకు తెచ్చారు. వారు చెప్పినవి రెండు ముఖ్యమైన మాటలు. మొదటిది: ఫలితాల్లో గణనీయమైన భాగం, పరిశోధకులు ఇళ్లకు వెళ్లి తల్లులను, పిల్లలను చూడమని ప్రోత్సహించిన సందర్భాల్లోనిది, ప్రోత్సాహం లేకుండా కేవలం చూసినవారిలో లాభం తక్కువ, అదీ ఎక్కువగా అక్షరాలు, అంకెల వరకే. రెండవది: కలిగిన కుటుంబాల పిల్లలు కూడా చూస్తారు, తరచుగా ఎక్కువే చూస్తారు; కాబట్టి అందరికీ మేలు జరిగినా అంతరం తగ్గకపోవచ్చు, పెరగవచ్చు కూడా. అంతరాన్ని పూడ్చడానికి పుట్టిన కార్యక్రమానికి ఇది మర్మస్థానంలో తగిలిన ప్రశ్న.

నాలుగు దశాబ్దాల తరవాత మెలిస్సా కీర్నీ, ఫిలిప్ లెవిన్ అనే ఆర్థికవేత్తలు మరో దారిలో వచ్చారు. 1969 నాటికి సాంకేతిక కారణాల వల్ల సుమారు మూడింట రెండు వంతుల కుటుంబాలకే ఈ ప్రసారం చక్కగా అందేది. సంకేతం బలంగా అందిన ప్రాంతాలనూ అందని ప్రాంతాలనూ జనగణన వివరాలతో పోల్చి, అందిన ప్రాంతాల పిల్లలు వయసుకు తగిన తరగతిలో ఉండే అవకాశం ఎక్కువని వారు చూపారు. ప్రభావం బాలురలోనూ నల్లజాతి పిల్లల్లోనూ ప్రస్ఫుటంగా కనిపించింది. కానీ పెద్దయ్యాక చేరే చదువు, సంపాదనల విషయంలో అంత స్పష్టమైన ఫలితం రాలేదు. 15 దేశాల్లో పదివేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని క్రోడీకరించిన 2013 నాటి మారెస్, పాన్ అధ్యయనం కూడా అక్షర, సంఖ్యా జ్ఞానంలోనూ సామాజిక వైఖరుల్లోనూ మేలు ఉందని తేల్చింది. కాబట్టి తొలి మెట్టు ఎక్కించడంలో టెలివిజన్ శక్తిని కాదనలేము. ఆపై మెట్లకు అది ఒక్కటే చాలునని కూడా అనలేము.

సైట్ ప్రయోగం: తెలుగు పల్లెకు ఉపగ్రహం

కుక్ బృందం విమర్శ వెలువడిన 1975లోనే భారతదేశంలో సైట్ మొదలైంది. అమెరికా అంతరిక్ష సంస్థకు చెందిన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఇస్రో ఏడాదిపాటు వాడుకునే ఒప్పందం అది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బిహార్, మధ్యప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెల్లో తీగవలతో చేసిన గొడుగు యాంటెన్నాలు, సామూహిక టీవీ పెట్టెలు నెలకొల్పారు. ఆకాశవాణిలో భాగంగా ఉన్న దూరదర్శన్ ఢిల్లీ, కటక్, హైదరాబాద్ కేంద్రాల్లో కార్యక్రమాలను తయారుచేసింది. తెలుగు, కన్నడ భాషల భారం హైదరాబాద్ కేంద్రానిది. హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం 1977లో మొదలైంది. అంటే చాలా నగరవాసుల కంటే ముందే కొన్ని పల్లెల పిల్లలు తెలుగు టీవీని చూశారు.

ఉదయం గంటన్నర ప్రసారం బడిపిల్లలది. హిందీ, ఒరియా, తెలుగు, కన్నడ - నాలుగు భాషలకు ఒక్కొక్కదానికి 22.5 నిమిషాలు. ప్రేక్షకులు 5 నుంచి 12 ఏళ్లవారు. చదువును ఆసక్తికరం చేయడం, మధ్యలో బడి మానేవారిని తగ్గించడం, విజ్ఞానశాస్త్ర దృష్టిని, పరిశుభ్రతను అలవాటు చేయడం లక్ష్యాలు. ఇవికాక సెలవుల్లో రెండు విడతలుగా దాదాపు 50,000 మంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు.

ఇక్కడే మౌలికమైన భేదం కనిపిస్తుంది. సెసమీ స్ట్రీట్ ప్రేక్షకులు మూడు నుంచి ఐదేళ్లవారు, చూసే చోటు ఇల్లు, పక్కన ఉండవలసినది తల్లి. సైట్ ప్రేక్షకులు బడిలో చేరినవారు, చూసే చోటు బడి, పక్కన ఉండవలసినది ఉపాధ్యాయుడు. అమెరికాలో బడి సంసిద్ధత అంటే బడికి ముందరి దశ. మన దగ్గర అది బడిలో నిలబెట్టే దశ. ఇంటింటా టీవీ లేని దేశంలో, బడిలో చేరిన బిడ్డ రెండో ఏటనే మానేసే కాలంలో ఈ ఎంపికకు కారణం లేకపోలేదు. కానీ దాని మూల్యం కూడా ఉంది. ఆరేళ్ల పిల్లకూ పన్నెండేళ్ల పిల్లవాడికీ ఒకే 22.5 నిమిషాలు సరిపెట్టవలసి వచ్చింది. మూడేళ్ల వయసు లెక్కలోకే రాలేదు.

అదే 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం దేశంలో 33 ప్రాజెక్టులతో ప్రారంభమైంది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అంగన్‌వాడీలో పూర్వప్రాథమిక విద్య అందించడం దాని లక్ష్యాల్లో ఒకటి. సైట్‌కు తెర ఉంది, పసిపిల్లలు లేరు. అంగన్‌వాడీకి పసిపిల్లలున్నారు, తెర లేదు. పిల్లల పక్కన కూర్చుని మాట్లాడే పెద్దమనిషి వల్లనే టీవీ ఫలిస్తుందన్న కుక్ బృందపు నిర్ధారణను అన్వయిస్తే, అంగన్‌వాడీ కార్యకర్త సరిగ్గా అటువంటి మనిషి. ఒకే ఏడాది పుట్టిన ఈ రెండు ప్రయత్నాలూ వేర్వేరు దారుల్లో నడిచిపోయాయి.

సైట్ మూల్యాంకనం ఫలితాలు నిజాయితీగా ఉన్నాయి. టీవీ చూసిన పిల్లల్లో భాషా వికాసం మెరుగైంది, పాఠ్యపుస్తకం వెలుపలి నుంచి కూడా తెలుసుకోవాలన్న ఆసక్తి పెరిగింది. బడిలో చేరేవారి సంఖ్యలోగాని మానేసేవారి సంఖ్యలోగాని చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. బడి మానడానికి కారణం ఆసక్తి లోపం కంటే ఆకలి, కూలి, తోబుట్టువుల సంరక్షణ అయినప్పుడు తెర చేయగలిగినది పరిమితమే.

భాష, లిపి: చర్చకు రాని ప్రశ్న

భాషా వికాసం మెరుగైందన్న ఫలితం తెలుగు పరిశోధకులు ఆగి చూడవలసినది. ఏ తెలుగు? ఏటీఎస్-6 ఒక దృశ్యానికి రెండు ధ్వని మార్గాలు పంపగలదు. ఒకే బొమ్మకు రెండు భాషల మాటలు జోడించవచ్చునన్నది సాంకేతిక సౌలభ్యం. కానీ పసిపిల్లల విషయంలో మాటను బొమ్మ నుంచి విడదీసి మరో మాట అతికించడం అంత సులువు కాదు. ప్రాస, పొడుపు, లయ, వెక్కిరింత - పిల్లల భాషకు ఇవే ప్రాణం. ఇవి ఏ భాషకా భాషలో పుట్టవలసినవి.

లిపి విషయం మరింత స్పష్టం. సెసమీ స్ట్రీట్ ప్రతి భాగాన్నీ కొన్ని అక్షరాలు, ఒక అంకె సమర్పిస్తున్నట్లు ప్రకటించేది. వాణిజ్య ప్రకటన రూపాన్ని చదువుకు వాడుకున్న తెలివి అది. 26 అక్షరాల మాలకు ఆ ఎత్తు బాగా అమరుతుంది. తెలుగులో సంప్రదాయంగా 56 అక్షరాలు, ఆపైన గుణింతాలు, ఒత్తులు కలిసి బిడ్డ గుర్తించవలసిన రూపాలు వందల్లోకి చేరతాయి. రోజుకొక అక్షరం అన్న పద్ధతి ఇక్కడ ఎన్నటికీ పూర్తికాదు. అయితే తెలుగుకు వేరొక సౌలభ్యం ఉంది. అక్షరం పలుకుకు దగ్గరగా ఉంటుంది. తలకట్టు పోయి గుడి రావడం, గుడి దీర్ఘం కావడం కళ్లముందు జరిగే మార్పు. కదిలే బొమ్మకు ఇంతకంటె అనువైన వస్తువు లేదు. పేరు పలుకుతూ రూపం మారే గుణింతాన్ని అచ్చుపుస్తకం వరుసగా పేర్చి మాత్రమే చూపగలదు, తెర కదిలించి చూపగలదు. అంటే తెలుగు అక్షరబోధనకు టెలివిజన్ వ్యాకరణాన్ని ఆంగ్ల నమూనా నుంచి దిగుమతి చేసుకోనక్కరలేదు, గుణింతం నుంచే నిర్మించుకోవచ్చు.

మౌఖిక సామగ్రికీ మన దగ్గర లోటు లేదు. రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా తెలుగు పిల్లలకు పరిచితులైన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ఆకాశవాణి ద్వారా, 'బాల' పత్రిక ద్వారా, బాలానంద సంఘాల ద్వారా పిల్లలకు ప్రదర్శన యోగ్యమైన తెలుగును దశాబ్దాల ముందే అలవాటు చేశారు. శ్రోతలుగా ఉన్న పిల్లలను గాయకులుగా, నటులుగా మార్చడం వారి పద్ధతి. సైట్ నాటికి ఈ వారసత్వం హైదరాబాద్ నగరంలోనే సజీవంగా ఉంది.

ఇంకొక పొర కూడా ఉంది. లంబాడీ, గోండి, కోయ, సవర ఇళ్ల పిల్లలకు బడి తెలుగే రెండో భాష. వారిని బడికి సిద్ధం చేయడమంటే ఇంటి భాష నుంచి బడి భాషకు వంతెన వేయడం. ఆంధ్రప్రదేశ్‌లో తరవాతి కాలంలో గిరిజన భాషల్లో ప్రారంభమైన బహుభాషా విద్యా కార్యక్రమం ఈ అవసరాన్ని గుర్తించింది. అది పాఠ్యపుస్తకం ద్వారా జరిగిన గుర్తింపు, తెర ద్వారా జరిగినది కాదు.

సైట్ తరవాత

1980లలో ఇన్సాట్ ఉపగ్రహాలతో తెలుగు సహా అయిదు భాషల్లో, ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాలకు విద్యాప్రసారాలు వచ్చాయి. అప్పుడు పిల్లలను 5–8, 9–11 వయోవర్గాలుగా విడదీశారు. సైట్ నేర్పిన పాఠం అది. ఐదేళ్ల లోపు వయసు మాత్రం మళ్లీ బయటే మిగిలింది. 2006లో సెసమీ స్ట్రీట్ భారతీయ రూపంగా 'గలీ గలీ సిమ్ సిమ్' హిందీలో వచ్చింది. బడి దుస్తుల్లో కనిపించే ఐదేళ్ల చమ్కీ అందులో ముఖ్యపాత్ర. ఆడపిల్ల బడికి వెళ్లడమే ఇక్కడి సంసిద్ధతకు ప్రతీక అని దాని రూపకర్తలు గ్రహించారు. 2020లో మహమ్మారి వల్ల బడులు మూతపడినప్పుడు తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు 3వ తరగతి మొదలుకొని ప్రసారమయ్యాయి. ఇంట్లో తెర ఉండి, బడి లేని ఆ రోజుల్లో కూడా తొలి మెట్టు మీది పిల్లలు ఆ ఏర్పాటుకు వెలుపలే ఉన్నారు.

ఉపసంహారం

ఈ చరిత్ర నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి. ఒకటి, పసిపిల్లల టెలివిజన్ విజయం సాంకేతికతది కాదు. ఏమి నేర్పాలో తేల్చుకుని, పిల్లల చూపును గమనించి, తప్పితే మార్చుకునే పద్ధతిది. రెండు, తెర ఒంటరిగా అంతరాన్ని పూడ్చదు. పక్కన మాట్లాడే పెద్దమనిషి ఉన్నచోటనే అది ఎక్కువగా ఫలిస్తుంది. అందువల్ల పేదబిడ్డకు తెర కంటే ముందు ఆ మనిషిని సమకూర్చాలి. మూడు, తెలుగు దేశంలో 1975 నుంచి ఇక్కడ చూసిన ప్రభుత్వ టెలివిజన్ ప్రయత్నాలు ఐదేళ్లు నిండిన బిడ్డ వద్దనో, ఆ తరవాతనో మొదలయ్యాయి.

2020 జాతీయ విద్యావిధానం మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా గుర్తించి, ఆ దశలో సాధ్యమైనంత వరకు ఇంటి భాషనే సూచించింది. ఆ సూచన అమలు కావాలంటే పసిపిల్లల తెలుగు ఎలా ఉంటుందో, ఏ మాండలికంలో ఏ వయసుకు ఏ పదసంపద అలవడుతుందో, గుణింతం ఏ క్రమంలో పట్టుబడుతుందో తెలియాలి. ఈ సమాచారాన్ని సాంకేతిక నిపుణులు సమకూర్చలేరు. 1968 వేసవి సదస్సుల బల్ల చుట్టూ మనస్తత్వవేత్తల పక్కన రచయితలు కూర్చున్నట్లే, తెలుగులో అటువంటి బల్ల వేసిన నాడు తెలుగు శాఖల పరిశోధకులకు అక్కడ స్థానం ఉండాలి. అందుకు చేయవలసిన పని శిశుభాషా సేకరణతో ఇప్పుడే మొదలుకావాలి.